క్రోటన్ కుండీల్లో నక్కల లెక్క

నా సర్వీసులో ఇంక అయిదేళ్లు మిగిలి ఉండగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను చోడవరంలోని ఒక డిగ్రీ కళాశాలకు జువాలజీ విభాగాధిపతిగా బదిలీ చేశారు. విభాగాధిపతి అన్న మాట విని ఎవరూ బెదరనక్కరలేదు. ఆ విభాగంలో ఉన్నది ఇద్దరమే. ఒకరు నేను, రెండోవారు ల్యాబ్ అటెండరు సన్నిబాబు. మరో లెక్చరర్ పోస్టు ఉండేది కాని అది ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అనకాపల్లిలో మా ఇంటి దగ్గర ఉదయం బస్సెక్కి, తొమ్మిదింపావుకల్లా కళాశాల రిజిస్టరులో సంతకం పెట్టేదాన్ని.

నేను ఎం.ఎస్సీ.లో చదివింది చేపలు. ముప్ఫయ్యేళ్లు చెప్పింది చేపలు, కప్పలు, బొద్దింకలు. ఇక్కడ మాత్రం ఆఖరి సంవత్సరం పిల్లలకు ఎకాలజీ, కన్సర్వేషన్ బయాలజీ అనే ఎలక్టివ్ పేపరు నా నెత్తిన పడింది. ప్రాణులకూ వాటి పరిసరాలకూ ఉన్న లంకె ఏమిటో చెప్పేది మొదటిది, ఆ ప్రాణులను పోగొట్టుకోకుండా ఉండడం ఎలాగో చెప్పేది రెండోది. ఎలక్టివ్ అంటే విద్యార్థి తానుగా ఎంచుకునే పేపరు. దీన్ని ఎందుకు ఎంచుకున్నారని మొదటి రోజు క్లాసులో అడిగాను. పదకొండు మందిలో తొమ్మిది మంది మార్కులు బాగా వేస్తారని చెప్పారు. ఒకబ్బాయి అడవికి టూరు తీసుకెళ్తారట కదా అన్నాడు. మిగిలిన ఒక అమ్మాయి సిలబస్ కాగితం రెండోసారి చదువుకుంటూ కూర్చుంది. ఆ అమ్మాయి పేరు నూకరత్నం. అందరూ రత్నం అనేవారు.

ఈ పేపరుకు పరీక్షతో పాటు ఒక ప్రాజెక్టు ఉంటుంది. విద్యార్థి ఆఖరి సెమిస్టరులో బయటికి వెళ్లి ఏదో ఒక ప్రాణిని గమనించి, లెక్క కట్టి, రిపోర్టు రాయాలి. దాన్ని దిద్దడానికి విశ్వవిద్యాలయం వేరే కళాశాల నుంచి ఒక పరీక్షకుడిని పంపుతుంది. ఆయన్ని మేం ఎక్స్‌టర్నల్ అంటాం. ఆయన రిపోర్టు చూసి, విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. తరువాత ఆయనా నేనూ మార్కుల జాబితా మీద సంతకాలు చేసి, కవరుకు సీలు వేసి పంపాలి. ఆయన ఒప్పుకోనిదే నేను ఒక్క మార్కు కూడా వేయలేను.

పిల్లలకు నమూనాగా చూపిద్దామని బీరువాలో ఉన్న పాత రిపోర్టులు తీయించాను. బ్రౌన్ పేపరు అట్టలు, ఎర్ర స్కెచ్ పెన్నుతో గీతలు, ముత్యాల్లాంటి అక్షరాలు. చూడముచ్చటగా ఉన్నాయి. నాలుగైదు తిరగేశాక అనుమానం వచ్చి మిగతావీ తీయించాను. కాకుల మీద ఆరేళ్లలో ఆరు రిపోర్టులు ఉన్నాయి. ఆరింటిలోనూ బస్టాండు దగ్గర కాకులు నలభై రెండు. ఆరేళ్లలో ఒక్క కాకి పుట్టలేదు, ఒక్కటి చావలేదు. మూడో ఏడాది రాసినవాడు ఒక పదం తప్పుగా రాస్తే, ఆ తప్పు కూడా భక్తిగా ఆరో ఏడాది దాకా వచ్చింది. నాకు ముందు నవ్వొచ్చింది, తరువాత కోపం వచ్చింది. ఆ కోపంలోనే క్లాసుకు వెళ్లి, ఈ ఏడు బస్టాండు కాకుల జోలికి వెళ్లినవాళ్లకు నేను సంతకం చేయనని చెప్పేశాను.

జనవరిలో ఆఖరి సెమిస్టరు మొదలైంది. ఎవరి ఊళ్లో ఏముందో చూసి విషయం ఎంచుకోమన్నాను. ఒకరు పిచ్చుకలన్నారు, ఒకరు చెరువు కప్పలన్నారు. రత్నం రెండు రోజులు ఆలస్యంగా వచ్చి, బల్ల పక్కన నిలబడి, నక్కలు చేస్తానంది.

"నక్కల్ని చూశావా?" అని అడిగాను.

"నేదు మేడమ్. అరుపులే ఇంటాం. మా సెరుకు తోటలో ఉన్నాయి. సెరుకంతా నక్కలే తినేస్తన్నాయని మా నాన్న ఉచ్చులెడతాడు, ఒక్కటీ పడనేదు. నిజంగా ఏటి తింటన్నాయో సూద్దారనుంది."

వాళ్లది కె.కోటపాడు వైపు ఒక చిన్న ఊరు. తండ్రి చెరకు రైతు. ఆ అమ్మాయికి ఎం.ఎస్సీ. చదవాలని గట్టి కోరిక. ప్రవేశ పరీక్షకు అప్పటికే దరఖాస్తు పెట్టింది. జూన్ నాటికి డిగ్రీ చేతికి రావాలి. ప్రాజెక్టు తప్పితే మళ్లీ ఏడాది దాకా పరీక్ష ఉండదు, సీటు పోతుంది. అందుకని సులువైన విషయం తీసుకోమని నేనే సలహా ఇచ్చాను. "సులువుగా అయితే కాకులే కదా మేడమ్, అవేమో మీరొద్దన్నారు" అంది. సరే, నక్కలే రాసుకోమన్నాను.

కనిపించని జంతువు ఏం తింటుందో తెలుసుకోవడానికి మా వృత్తిలో ఒక దారి ఉంది. అది వదిలి వెళ్లినదాన్ని ఏరి తెచ్చి చూడడమే. రిపోర్టులో దాన్ని విసర్జితం అని గౌరవంగా రాస్తాం. పొలంలో అందరూ అనే మాట నక్క పెంట. చేతికి తొడుగు, మూతికి గుడ్డ కట్టుకుని, దొరికినదాన్ని కాగితంలో పొట్లం కట్టి, తేదీ, చోటు, నంబరు రాయాలి. బాగా ఎండబెట్టాలి. ఒక్కొక్కదాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగం నీళ్లలో నానబెట్టి సన్నని జల్లెడలో కడగాలి. మట్టి పోయి, వెంట్రుకలు, ఎముకలు, పెంకులు, గింజలు మిగులుతాయి. వాటిని భూతద్దం కింద పెట్టి, ఏ ప్రాణివో ఏ చెట్టువో పోల్చుకోవాలి. రెండో భాగాన్ని ముట్టుకోకుండా అలాగే ఉంచాలి. మన లెక్క మీద ఎవరికైనా అనుమానం వస్తే చూపించే సాక్ష్యం అదే.

ఇదంతా నేను పుస్తకంలో చదువుకుని చెప్పాను. చేపలు చదివినదాన్ని, నాకు నక్కల సంగతి ఎక్కడ తెలుసు? ఒక రెండో శనివారం పొద్దున్నే వాళ్ల తోటకు వెళ్లాను. చెరకు ఇంకా కొట్టలేదు, నిలువెత్తుకు మించి ఉంది. గట్టు మీద చాలాసేపు నడిచాక ఒక రాయి మీద మొదటిది దొరికింది. నేను వంగి ఎంతో శాస్త్రీయంగా పట్టకారుతో తీస్తుంటే, వెనక నుంచి రత్నం తండ్రి నెమ్మదిగా అన్నారు, "మేడమ్ గారూ, అది మా కుక్కదండి."

అలా మొదటి పాఠం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కుక్క దారి మధ్యలో ఎక్కడబడితే అక్కడ కూర్చుంటుంది. నక్క గట్టు మలుపులో, గడ్డి దుబ్బు మీదో చిన్న దిబ్బ మీదో వదులుతుంది. ఊళ్లో కుక్క అన్నం తింటుంది కాబట్టి దానిలో బొచ్చు ఉండదు. నక్కది చివర సన్నగా మెలి తిరిగి, నిండా బొచ్చుతో ఉంటుంది. ఇవి చెప్పినంతసేపూ చాలా మర్యాదగా చెప్పారు. చెప్పడం అయ్యాక కూతురి వైపు తిరిగి, "ఏటే గుంటా, నక్క పెంట ఏరడానికేటే డిగ్రీ సదివేవు?" అన్నారు.

"అవును నాన్నా, ఎమ్మెస్సీలో పులిది ఏరతాను" అంది రత్నం. ఆయన నవ్వాపుకోలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ తరువాత పది వారాలు రత్నం వారానికి రెండు పొద్దులు గట్లు తిరిగింది. పొట్లాలు సంచిలో పెట్టుకుని బస్సులో కళాశాలకు తెచ్చేది. ఒక రోజు పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ, "ఏటమ్మా అయి, జంతికలా?" అని అడిగిందట. "కాదు మామ్మా, నక్క పెంట" అని ఉన్నమాట చెప్పిందట ఈ పిల్ల. ఆ రోజు నుంచి ఆ బస్సులో రత్నానికి సీటు కోసం వెతుక్కునే పని తప్పింది. ఎంత రద్దీలోనైనా పక్క సీటు కూడా ఖాళీగానే ఉండేదట.

కళాశాలలో గొడవ వేరే. మా ల్యాబులో వెనక బల్ల మీద పాత పేపర్లు పరిచి పొట్లాలు వరసగా పెట్టాం. రెండో రోజుకే పక్క గదిలో ఉండే బాటనీ లెక్చరర్ గారు ముక్కుకు చీర చెంగు అడ్డం పెట్టుకుని వచ్చారు. ప్రిన్సిపాల్ దాకా వెళ్తుందేమో అనుకున్నాను. కాని రత్నం ఆవిడకు ఒక గింజ చూపించి ఇది ఏ చెట్టుదో చెప్పమని అడిగింది. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని చూసి, రేగు అన్నారు. మర్నాటి నుంచి గింజలన్నీ ఆవిడే పోల్చి పెట్టారు. ఇక బొచ్చు పోల్చడానికి తెలిసిన జంతువుల బొచ్చు కావాలి కదా. పొలంలో బోనుకు చిక్కిన ఎలుకది, పందికొక్కుది రత్నం తండ్రి తెచ్చి ఇచ్చారు. ఎదురింటివాళ్ల మేకకు రత్నం చెప్పకుండా కాస్త జుట్టు కత్తిరించిందని, వాళ్లు పోట్లాటకు వచ్చారని తరువాత తెలిసింది. మా చర్చిలో పాస్టరమ్మగారు ఈమధ్య ఏం పాఠాలు చెబుతున్నావని అడిగితే, పర్యావరణం అని పొడిగా చెప్పి తప్పించుకున్నాను.

మార్చి ఆఖరుకు మొత్తం ఇరవై మూడు పొట్లాలు తేలాయి. ఇరవై ఒకటి నక్కవని నమ్మకం, రెండు అనుమానం. చెరకు పీచు ఉన్నవి మూడే. మిగతా వాటిలో ఎక్కువగా ఎలుక బొచ్చు, పందికొక్కు ఎముకలు, కాలువ పీతల పెంకులు, రేగు గింజలు. తోటలో చెరకును కొరికే ఎలుకలను ఆ నక్కలే తింటున్నాయన్న మాట. రత్నం రిపోర్టు రాసింది. నేను దిద్దాను. శుభ్రంగా మళ్లీ రాయించాను. బైండు అయ్యాక సంతకం చేశాను. నా తప్పు అక్కడ మొదలైందని అప్పుడు తెలియలేదు.

ఏప్రిల్‌లో ఎక్స్‌టర్నల్ వచ్చే తేదీ తెలిసింది. ఎక్స్‌టర్నల్ వస్తున్నారంటే మా కళాశాలల్లో పెళ్లివారు వస్తున్నట్టే. బల్లలు తుడవాలి, కొత్త గుడ్డలు పరచాలి, సీసాల్లో పాత ఫార్మలిన్ మార్చాలి, భోజనం చెప్పాలి. ముందు రోజు మధ్యాహ్నం నేను బస్సు వేళ అయిపోతుందన్న తొందరలో సన్నిబాబును పిలిచి, రేపు పొద్దుటికి ల్యాబు అద్దంలా ఉండాలి, ఎక్కడా చెత్తన్నది కనిపించకూడదు అని చెప్పి వెళ్లిపోయాను.

సన్నిబాబు ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి. చెప్పిన పని వదిలి పెట్టడు, చెప్పని పనీ రెండు చేస్తాడు. మర్నాడు పొద్దున్న నేను వెళ్లేసరికి ల్యాబు నిజంగానే అద్దంలా ఉంది. ఫినాయిలు వాసన వరండా దాకా వస్తోంది. వెనక బల్ల మీద తెల్లటి గుడ్డ, దాని మీద పూలగుత్తి. పొట్లాలు లేవు.

బల్ల కిందా బీరువాలోనూ వెతికాను. సన్నిబాబు కోసం చూస్తే ఎక్స్‌టర్నల్ గారిని బస్టాండు నుంచి తీసుకురావడానికి వెళ్లాడన్నారు. పది నిమిషాల్లో ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు కాని, ఆయన ఎదుట అడగడం బాగుండదని ఆగాను.

ఎక్స్‌టర్నల్ గారు విజయనగరం వైపు నుంచి వచ్చారు. ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, తక్కువ మాటలు. మార్కులకు పిసినారి అని ఆయనకు పేరుంది. పిచ్చుకలు, కప్పలు అన్నీ చూసి, ఫరవాలేదన్నట్టు తలూపారు. ఆఖరున పదకొండో నంబరు రత్నం. రిపోర్టు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివారు. అందరి దగ్గరా పది నిమిషాలు తీసుకున్న మనిషి ఇక్కడ పావుగంట పైగా చదువుతూనే ఉన్నారు. చదివి, రిపోర్టు మూసి, "సాక్ష్యం భాగాలు విడిగా ఉంచాం అని రాశారు. ఏవీ?" అని అడిగారు.

రత్నం నా వైపు చూసింది. పొద్దున్న తను రాగానే ఖాళీ బల్ల చూసింది. నేనే ఎక్కడో భద్రంగా పెట్టించి ఉంటానని అనుకుందట. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిన్నటి దాకా ఉన్నాయి, శుభ్రం చేయమన్నది నేనే, ఇప్పుడు లేవు, తప్పు నాది, ఆ అమ్మాయిది కాదు.

ఆయన కోప్పడలేదు. "మేడమ్, మీ మాట మీద నాకు గౌరవం ఉంది. కాని మీ మాటకు మార్కులు వేయలేను కదా. ఏటా నాకు ఇలాంటి రిపోర్టులు పది వస్తాయి. పులులూ ఉంటాయి, ఏనుగులూ ఉంటాయి. అన్నీ కాగితం మీదే" అన్నారు. సాక్ష్యం లేకపోతే క్షేత్రపని మార్కులు సున్నా. అవి పోతే మిగతావి పూర్తిగా వేసినా పాసు మార్కు రాదు. ఆ సంగతి రత్నానికీ తెలుసు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. నాకైతే సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కాపీ కొట్టిన కాకులన్నీ ఆరేళ్లు పాసైపోయిన బల్ల ముందే ఈ పిల్ల తప్పబోతోంది.

అప్పుడే మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని సన్నిబాబు లోపలికి వచ్చాడు. ఇక ఆగలేక, పొట్లాలు ఏం చేశావని అందరి ముందే అడిగాను.

"పారేయనేదు మేడమ్" అన్నాడు గర్వంగా. "రికార్డు మీద సంతకం అయిపోయింది కదా. ఊరికే పారేయడం ఎందుకని వరండాలో క్రోటన్ కుండీల్లో ఏసేను. పెంట అంటే ఎరువే కదా."

అతని మీద కోప్పడబోయాను. కాని అతని తప్పేమీ లేదు. రిపోర్టు మీద సంతకం పడ్డాక దానికి సంబంధించిన సామానంతా తీసేయడం మా కళాశాలల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. నేనూ ముప్ఫయ్యేళ్లు అలాగే తీయించాను. కాగితం మీదికి ఎక్కాక ఇంక వస్తువుతో పనేముంది అనుకునే వాళ్లం మేం.

"అన్నీ ఒకేచోట ఏసేవా బాబూ?" అని అడిగింది రత్నం, కుర్చీలోంచి లేస్తూ.

"అదేటమ్మా, ఒక మొక్కకి ఏసి ఒక మొక్కకి ఏయకపోతే ఎలాగ? కుండీకో పొట్లం ఇప్పేను. కుండీలు ఇరవై ఆరు, పొట్లాలు ఇరవై మూడు. మూడు కుండీలకి సాలనేదు. నిన్న సాయంత్రం, ఇయ్యాల పొద్దున్న నీళ్లు కూడా పోసేను."

రత్నం ఎక్స్‌టర్నల్ గారి వైపు తిరిగింది. "సార్, నీళ్లు పోస్తే మట్టి పోతాది గాని బొచ్చూ పెంకూ పోవు. కుండీకి ఒకటే ఉంది కాబట్టి కలవనేదు. నంబరు కాగితాలే నేవు. మీరు ఏ కుండీ సెప్తే ఆ కుండీ తీసి, అది నా రిపోర్టులో ఎన్నో నంబరో సెప్తాను. రిపోర్టు మీ దగ్గిరే ఉంచండి."

ఆయన నా వైపు చూశారు, గడియారం చూశారు. చివరికి లేచి వరండాలోకి నడిచారు. వెనకాలే నేను, బాటనీ లెక్చరర్ గారు, పదిమంది పిల్లలు, మగ్గుతో సన్నిబాబు. రత్నం చేతికి తొడుగు వేసుకుంది. కళాశాల జల్లెడ ఎక్కడుందో ఆ హడావిడిలో కనిపించక, స్టాఫ్ రూములో టీ వడగట్టేది పట్టుకొచ్చింది. దాన్ని మళ్లీ స్టాఫ్ రూముకు వెళ్లనివ్వకూడదని బాటనీ గారు నా చెవిలో చెప్పారు.

ఎక్స్‌టర్నల్ గారు ముందు నాలుగో కుండీ చూపించారు. రత్నం పై మట్టి తీసి వడగట్టింది. సన్నిబాబు నీళ్లు పోశాడు. పీత పెంకు ముక్కలు, రెండు రేగు గింజలు మిగిలాయి. "పీతా రేగూ కలిసి ఒకదాన్లోనే వచ్చేయి సార్. పన్నెండో నంబరు. కాలవ గట్టు మీద దొరికింది." ఆయన పన్నెండో నంబరు పేజీ తీసి చూసుకున్నారు.

రెండోది గోడ పక్క కుండీ. అందులో బొచ్చు లేదు, గింజ లేదు. బిస్కెట్ ప్యాకెట్ ముక్క ఒకటి మాత్రం మెరుస్తూ బయటపడింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. రత్నం నవ్వకుండా, "ఇది అనుమానం వచ్చి లెక్కలోకి తీసుకోనేదు సార్. కుక్కదే అవుతాది. ఆఖరి పేజీలో రాసేను" అంది. ఆయన ఆఖరి పేజీ తీశారు. ఈసారి చదివి, ప్యాంటు పైకి లాక్కుని, కుండీ పక్కన గొంతుక్కూర్చున్నారు. మూడో కుండీ ఆయనే ఎంచి, పట్టకారు అడిగి తీసుకుని, ఆయనే మట్టి కదిపారు.

మూడో కుండీలో ఎలుక బొచ్చు తప్ప మరేమీ లేదు. రత్నం భూతద్దం పెట్టి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. సన్నిబాబు మగ్గు పట్టుకుని నా పక్కకు జరిగి, "నా వల్ల గుంట సదువు పోతాదేటి మేడమ్?" అని గొణిగాడు. నా వల్ల పోతుందేమో అని నేను భయపడుతున్నాను. చాలాసేపటికి రత్నం తలెత్తింది.

"తెలీదు సార్."

"తెలీదంటే?"

"ఎలక బొచ్చు ఒక్కటే ఉన్నవి నాకు నాలుగు దొరికేయి. మూడు, ఏడు, పదిహేను, ఇరవై. ఇది ఆ నాలిగిట్లో ఒకటి. ఏదన్నది దీన్ని సూసి సెప్పలేం."

"ఏదో ఒక నంబరు చెప్పమ్మా" అన్నారాయన. "సరిపోయిందనుకో, ఇక్కడితో అయిపోతుంది."

రత్నం ఆలోచించింది. అయిపోతే బాగుండునని ఆ మొహంలో స్పష్టంగా కనిపించింది. నేను నా మనసులో ఏడు అనేసుకున్నాను కూడా. "వొద్దు సార్" అంది చివరికి. "సరిపోయినా నాకు తెలిసి సెప్పినట్టు అవదు కదా."

ఎక్స్‌టర్నల్ గారు పట్టకారు రత్నం చేతికి ఇచ్చేశారు. తరువాత లేచి, మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకుని, "ఇంక కుండీలు తవ్వనక్కరలేదు" అన్నారు. లోపలికి వెళ్లి మార్కుల జాబితా తెప్పించుకున్నారు. ఆయన వేసిన అంకె చూసి నేను కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాను. పదకొండు మందిలో అదే పెద్దది. నేను సంతకం చేస్తుంటే ఆయన ఒక్క మాట అన్నారు. మొదటి రెండు కుండీలూ చూసి బాగా చదువుకున్న పిల్ల అనుకున్నారట. మూడోది చూశాకే పొలానికి నిజంగా వెళ్లిన పిల్ల అని నమ్మకం కుదిరిందట. ఇంట్లో కూర్చుని లెక్కలు అల్లినవాళ్లకు అన్నీ తెలిసే ఉంటాయి, తెలియనిది ఒక్కటీ ఉండదు అన్నారు.

భోజనాలు మూడు గంటలకు చల్లారిపోయిన బిర్యానీతో అయ్యాయి. మా వైపు వచ్చిన ఎక్స్‌టర్నల్‌కు వెళ్లేటప్పుడు కిలో బెల్లం ఇచ్చి పంపడం మర్యాద. ఆయన బెల్లం తీసుకుని, తన విద్యార్థులకు చూపించడానికి కాలువ గట్టు నమూనా కూడా కాస్త కట్టించి ఇమ్మన్నారు. రెండు పొట్లాలూ ఒకే సంచిలో పెట్టవద్దని సన్నిబాబుకు రెండుసార్లు చెప్పాను.

రత్నానికి ఆ ఏడే ఎం.ఎస్సీ. సీటు వచ్చింది. వాళ్ల నాన్న నక్కలను ఇప్పటికీ తిడతారు, కాని ఉచ్చులు పెట్టడం మానేశారు. ఎలుకలు పట్టే పనికి జీతం అడగని మనుషులు దొరకరు కదా మేడమ్ అన్నారు.

ఆ రోజు తరువాత మా విభాగంలో రెండు మార్పులు చేశాను. మొదటిది, ఫలితాలు వచ్చేదాకా ఏ విద్యార్థి నమూనానూ ఎవరూ కదపకూడదని రాసి, కింద నేను సంతకం చేసి గోడకు అంటించాను. ఆ కాగితం సన్నిబాబు కోసం కాదు, నా కోసం. ముప్ఫయ్యేళ్లు నేను దిద్దింది చేతిరాతనూ మార్జిన్లనూ తప్ప పనిని కాదని ఆ కుండీల దగ్గర నాకు అర్థమైంది. రెండోది, పరీక్షకు ముందు కళాశాలలో మేం పెట్టుకునే మాదిరి వైవాలో, అంటే నోటి పరీక్షలో, నా చేతిలో ఉన్న మార్కుల నుంచి అయిదు విడిగా తీసి ఉంచాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, ఎందుకు తెలియదో కూడా చెప్పగలిగిన వారికే అవి. మొదటి ఏడాది ఆ అయిదు మార్కులు ఒక్కరికీ రాలేదు. రెండో ఏడాది ఇద్దరికి వచ్చాయి. నేను రిటైరైన ఏడాది ఏడుగురికి వేశాను.